ఫ్లాస్కు మీద పేరు ఒకటి, లోపలి కణం మరొకటి: పరిశోధన పత్రికల సంపాదకులకు బహిరంగ లేఖ

జీవవైద్య పరిశోధన పత్రికల సంపాదకులకు, పరిశోధనలకు నిధులు మంజూరు చేసే సంస్థల పెద్దలకు,

నమస్కారం.

నేను పదిహేడేళ్లుగా సెల్ కల్చర్ గదిలో పనిచేస్తున్నాను. కణాలను పెంచడం, పోషక ద్రవం మార్చడం, ఫ్లాస్కు నిండగానే వాటిని విడదీసి కొత్త ఫ్లాస్కుల్లోకి పంచడం, మిగిలినవాటిని ద్రవ నత్రజనిలో దాచడం నా రోజువారీ పని. మీలో చాలామంది ఇలాంటి గదుల్లోనే పని నేర్చుకుని పైకి వచ్చినవారు. మీకు తెలియని పాఠం చెప్పాలని ఈ ఉత్తరం రాయడం లేదు. ఒకే ఒక్క విషయం అడగాలని రాస్తున్నాను. కణాల మీద చేసిన ఏ పరిశోధననైనా అచ్చువేసే ముందు, దానికి నిధులిచ్చే ముందు, ఆ కణాలు ఎవరివో రుజువు చూపించమని అడగండి. పరీక్షించాం అన్న మాటతో సరిపెట్టుకోకండి. పరీక్ష నివేదికనే తెప్పించుకుని చూడండి.

ఇంత గట్టిగా ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే నా సొంత అనుభవంతోనే మొదలుపెట్టాలి.

డాక్టరేట్ కోసం నేను మూడేళ్లు స్వరపేటిక క్యాన్సర్ కణాల మీద పనిచేశాను. పనిచేశాననే అనుకున్నాను. ఫ్లాస్కు మీద నీలి సిరాతో ‘హెప్-2’ అని నా చేత్తో నేనే రాసేదాన్ని. ఆ కణాలు మా ప్రయోగశాలకు మరో ప్రయోగశాల నుంచి వచ్చాయి. వాళ్లకు ఇంకెక్కడి నుంచో వచ్చాయి. అలా ఎన్ని చేతులు మారాయో ఎవరూ రాసిపెట్టుకోలేదు. వాటికి ఒక మందు ఇచ్చి, ఏ మోతాదులో ఎన్ని చనిపోతున్నాయో లెక్కపెట్టి, ఏ ప్రొటీన్ పెరుగుతోందో ఏది తగ్గుతోందో పట్టికలు కట్టాను. ఒక పేపరు అచ్చయింది. ఆ పత్రిక దరఖాస్తు ఫారంలో ‘మీ సెల్ లైన్ గుర్తింపును నిర్ధారించుకున్నారా?’ అన్న ప్రశ్న ఉంది. ఒకే మూలం నుంచి తీసి, ప్రయోగశాలలో తరతరాలుగా పెంచుతూ వచ్చే కణాల వరసనే సెల్ లైన్ అంటాం. పక్కన చిన్న గడి ఉంది. ఆ గడిలో టిక్కు పెట్టాను. అబద్ధం చెబుతున్నానని ఆ క్షణంలో నాకు అనిపించలేదు. పేరున్న ప్రయోగశాల నుంచి వచ్చిన కణాలు, పేరున్నవాళ్లంతా వాడుతున్న కణాలు, ఇంకా నిర్ధారించుకోవడానికి ఏముంది అనుకున్నాను.

రెండో పేపరు పంపబోయే ముందు పక్క గదిలో పనిచేసే ఒక సీనియర్ నన్ను పిలిచి, ఒకసారి ఎస్‌టీఆర్ పరీక్ష చేయించమ్మా, మనసు నిమ్మళంగా ఉంటుంది అన్నారు. మన డీఎన్‌ఏలో కొన్ని చోట్ల నాలుగేసి అక్షరాల ముక్కలు ఒకదాని వెనక ఒకటి పదేపదే వస్తాయి. ఎన్నిసార్లు వస్తాయన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. అలాంటి ఎనిమిదో, పదమూడో చోట్లు లెక్కపెడితే చాలు, ఆ కణాలు ఎవరివో వేలిముద్ర చూసినట్టు తెలిసిపోతుంది. నేరపరిశోధనలో వాడేది కూడా ఇదే పద్ధతి. కొన్ని రోజుల పని, కొద్దిపాటి ఖర్చు.

నివేదిక ఒక్క పేజీ వచ్చింది. మొదట నా చూపు అమెలోజెనిన్ అనే వరస మీద పడింది. స్త్రీ కణమా, పురుష కణమా అన్నది చెప్పే వరస అది. అక్కడ ఎక్స్ ఒక్కటే ఉంది. ఆ కణాలు ఒక పురుషుడి స్వరపేటిక నుంచి తీసినవని నా థీసిస్ మొదటి అధ్యాయంలోనే రాసుకున్నాను. క్యాన్సర్ కణాలు వై క్రోమోజోమును పోగొట్టుకోవడం అరుదేమీ కాదు కనుక దాన్ని దాటేసి కిందికి, లెక్కపెట్టిన ఒక్కో చోటు పేరూ దాని అంకెలూ ఉన్న వరసలు చదివాను. టీహెచ్01 దగ్గర 7. వీడబ్ల్యూఏ దగ్గర 16, 18. టీపాక్స్ దగ్గర 8, 12. పక్క నిలువు వరసలో పోలిక కోసం ఇంకో సెల్ లైన్ అంకెలు అచ్చువేశారు. టీహెచ్01 దగ్గర 7. వీడబ్ల్యూఏ దగ్గర 16, 18. టీపాక్స్ దగ్గర 8, 12. ఒక్కో వరస మీద వేలు పెట్టి చివరిదాకా చదివాను. ఎక్కడా తేడా లేదు. ఆ పక్క వరసకు పైన ఉన్న పేరు హీలా.

నేను మూడేళ్లు చదివిన స్వరపేటిక క్యాన్సర్ నిజానికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది మరో సంగతి. హెప్-2 అంటే హీలాయేనని నేను ప్రయోగశాలలో అడుగుపెట్టడానికి దశాబ్దాల ముందే తేలిపోయింది. అది అచ్చయింది కూడా. నాకు పాఠం చెప్పినవాళ్లు చెప్పలేదు, నా పేపరును పరిశీలించిన ఇద్దరు సమీక్షకులు అడగలేదు, నా గడిలో టిక్కును చూసిన సంపాదకుడు ఆగలేదు.

హీలా కథ మీకు తెలియనిది కాదు. 1951లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా ల్యాక్స్ అనే 30 ఏళ్ల నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖద్వార కణితి నుంచి, ఆమెను అడగకుండా తీసిన కణాలు అవి. జార్జ్ గై ప్రయోగశాలలో అవి చావకుండా పెరుగుతూనే పోయాయి. ఆమె ఆ ఏడాదే చనిపోయింది. ఆ కణాల వెనకున్న మనిషి పేరును చాలాకాలం ‘హెలెన్ లేన్’ అని తప్పుగా చెప్పుకున్నారు. కణాలకే కాదు, కన్నతల్లిలాంటి ఆ మనిషికీ తప్పుడు పేరే తగిలించారు. దీన్ని తలచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

1966లో స్టాన్లీ గార్ట్‌లర్ అనే జన్యుశాస్త్రవేత్త పెన్సిల్వేనియాలోని బెడ్‌ఫర్డ్‌లో జరిగిన సదస్సులో లేచి ఒక మాట చెప్పారు. వేర్వేరు మనుషుల నుంచి, వేర్వేరు అవయవాల నుంచి వచ్చాయంటున్న 18 సెల్ లైన్లను ఆయన పరీక్షించారు. అన్నిట్లోనూ జీ6పీడీ అనే ఎంజైము ఒకే రకంగా, ఆఫ్రికన్ మూలాలున్నవారిలో తప్ప దాదాపు కనిపించని రకంగా ఉంది. అవన్నీ హీలాయే కావచ్చన్నారు. ఆ సభలో కూర్చున్నవారిలో ఎందరి జీవితకాలపు పని ఆ ఒక్క వాక్యంతో కదిలిపోయిందో ఊహించండి. ఆ తరువాత వాల్టర్ నెల్సన్-రీస్ అనే శాస్త్రవేత్త 1974 నుంచి 1981 వరకు ‘సైన్స్’ పత్రికలో ఫలానా లైన్ ఫలానాది కాదు అంటూ జాబితాలు అచ్చువేశారు. చాలామందికి ఆయన కంటగింపయ్యారు. నిజం చెప్పిన మనిషిని దూరం పెట్టి, తప్పు పేరున్న కణాలను మాత్రం ఇంక్యుబేటర్లలో అలాగే పెంచుకున్నాం.

ఒక్క కణం అంత పని చేస్తుందా అని అడిగే విద్యార్థులకు నేను బోర్డు మీద ఒక లెక్క వేసి చూపిస్తాను. పది లక్షల కణాలున్న ఫ్లాస్కులో ఒక్కటంటే ఒక్క హీలా కణం పడిందనుకుందాం. పైపెట్ మార్చడం మరిచిపోయినా, రెండు లైన్లకు ఒకే పోషక ద్రవం సీసా వాడినా, మేం కణాలతో పనిచేసే హుడ్ అనే గాజు అర కింద ఒక తుంపర ఎగిరినా చాలు. అసలు కణాలు మూడు రోజులకోసారి రెట్టింపవుతాయి. హీలా రోజుకోసారి రెట్టింపవుతుంది. సరిగ్గా ముప్పై రోజులకు రెండూ సమానమవుతాయి. మరో పది రోజులు గడిస్తే వంద హీలా కణాలకు అసలు కణం ఒక్కటి మిగులుతుంది. రెండు నెలలు తిరిగేసరికి ఆ ఒక్కదాన్నీ వెతికి పట్టుకోవడం కష్టం. ఈ మధ్యలో మైక్రోస్కోపులో ఏ రోజు చూసినా నిన్నటికీ ఇవాళ్టికీ పెద్ద తేడా కనిపించదు. ‘ఈ మధ్య మన కణాలు బాగా పెరుగుతున్నాయి’ అని సంతోషిస్తాం కూడా. నేనూ సంతోషించాను.

కాలేయ కణాలన్న ‘చాంగ్ లివర్’ హీలా. నోటి క్యాన్సర్ అన్న ‘కేబీ’ హీలా. పేగు కణాలన్న ‘ఇంట్-407’ హీలా. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో వీటిలో కాలేయం, పేగు అంత. హీలాతో సంబంధం లేని తప్పులూ ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్ ఎలా పాకుతుందో తెలుసుకోవడానికి ఏళ్ల తరబడి వాడిన ‘ఎండీఏ-ఎంబీ-435’ నిజానికి మెలనోమా, అంటే చర్మపు రంగు కణాల క్యాన్సర్. తప్పు పేర్లతో తిరుగుతున్న సెల్ లైన్ల అంతర్జాతీయ జాబితాలో ఇప్పుడు 500కు పైగా పేర్లున్నాయి. 2017లో సెర్జ్ హోర్బాక్, విల్లెమ్ హాల్ఫ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు అలాంటి లైన్లతో చేసిన పేపర్లను లెక్కపెడితే 32,755 తేలాయి. ఆ పేపర్లను ఆధారం చేసుకుని రాసినవి లక్షల్లో ఉన్నాయి.

ఇవన్నీ పాత గొడవలు, సైన్సు తన తప్పులను తానే దిద్దుకుంటుంది అని మీలో ఒకరు నాకు జవాబు రాశారు. నా పేపరుకు సవరణ వేయమని నేనే ఉత్తరం రాస్తే, ఏడు నెలల తరువాత వచ్చిన జవాబు అది. ఏ పత్రికో ఇక్కడ చెప్పను. సవరణ వేయలేదు. ఆ పేపరు ఈ రోజుకూ స్వరపేటిక క్యాన్సర్ శీర్షికతోనే ఉంది. నిరుడు కూడా ఎవరో దాన్ని ఉదహరించారు. తనంతట తానే దిద్దుకునే సైన్సు ఎక్కడుందో నాకు తెలియదు. దిద్దేది మనుషులే, అందుకు తలుపు తెరవాల్సింది మీరే.

ఈ సంగతి ఇప్పుడే ఎందుకు ఎత్తుతున్నానంటే కణాలు ఇప్పుడు ఫ్లాస్కుల్లోనే ఉండిపోవడం లేదు. అవి మనుషుల ఒంట్లోకి వెళుతున్నాయి. 2012లో ఫిలడెల్ఫియాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే చిన్నారికి ఆమె సొంత టి-కణాలనే, అంటే జబ్బుతో పోరాడే తెల్ల రక్తకణాలనే తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా మార్చి తిరిగి ఎక్కించారు. లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ పోయింది. 2017 ఆగస్టులో అదే చికిత్సకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. కార్-టి అనే ఈ చికిత్సను చూసి గర్వపడేవాళ్లలో నేనూ ఉన్నాను. కణాలను పెంచడమే పనిగా బతికిన మాకు ఇంతకు మించిన పండుగ ఏముంటుంది?

అదే చికిత్సలో ఒక్క కణం ఏం చేయగలదో కూడా చూశాం. 2018లో అచ్చయిన ఒక నివేదిక నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. రోగి రక్తం నుంచి టి-కణాలను తీసి మార్చుతున్నప్పుడు, వాటితోపాటు ఒకే ఒక్క లుకేమియా కణం కలిసిపోయింది. టి-కణాల్లోకి వెళ్లాల్సిన కొత్త జన్యువు ఆ క్యాన్సర్ కణంలోకీ వెళ్లింది. ఆ జన్యువు తయారుచేసే గ్రాహకం ఆ కణం మీది సీడీ19 గుర్తుకే అతుక్కుని దాన్ని కప్పేసింది. టి-కణాలు వెతికేది ఆ గుర్తునే. వేటగాడి కంటికి కనబడకుండా ఆ కణం పెరిగింది. తొమ్మిది నెలల దగ్గర జబ్బు తిరగబెట్టింది. ఆ మనిషి బతకలేదు. అక్కడ ఎవరూ నిర్లక్ష్యం చేశారని నేను అనడం లేదు. వాళ్లు ఆ కణం జాడ పట్టుకుని, దాచకుండా ప్రపంచానికి చెప్పారు. వాళ్లకు చేతులెత్తి నమస్కరిస్తాను. నా బోర్డు మీది లెక్క ఒక మనిషి ఒంట్లో జరిగిందన్నదే నా బాధ.

వేరే రకాల కణాలుగా మారగలిగే మూలకణాల సంగతి చూడండి. కొవ్వు నుంచి తీసిన మానవ మీసెంకైమల్ మూలకణాలను ఎక్కువకాలం పెంచితే వాటంతటవే క్యాన్సర్‌గా మారతాయని 2005లో ఒక పేపరు వచ్చింది. మూలకణ చికిత్సల మీద ఆశ పెట్టుకున్నవారి గుండెల్లో రాయి పడింది. ఐదేళ్లు ఆ భయం అలాగే నడిచింది. 2010లో ఆ రచయితలే పేపరును ఉపసంహరించుకున్నారు. అదే ఫలితం మళ్లీ రాబట్టలేకపోయామని, వేరే కణాలు కలిసిపోయి ఉంటాయని అనుమానిస్తున్నామని చెప్పారు. ఇలాంటి ఫలితాన్నే చూశామన్న మరో బృందం కూడా తమ కణాలు ప్రయోగశాలలోని క్యాన్సర్ లైన్లతో కలిశాయని తేల్చుకుంది. మొదటి రోజునే ఎస్‌టీఆర్ నివేదిక బల్ల మీద ఉంటే ఆ ఐదేళ్లు మిగిలేవి. 2014లో ‘స్టాప్’ కణాల పేరుతో వచ్చిన సంచలనం కూడా అంతే. మామూలు కణాలకు పుల్లటి ద్రవం తగిలిస్తే మూలకణాలవుతాయన్నారు. పరీక్షిస్తే అవి పిండ మూలకణాలే కలిసిన నమూనాలని తేలింది.

అన్నవాహిక క్యాన్సర్ విషయం ఇంకా దగ్గరగా తగులుతుంది. 2010లో పరిశోధకులు ఆ క్యాన్సర్ పేరుతో వాడుకలో ఉన్న సెల్ లైన్లను అసలు రోగుల కణజాలంతో పోల్చి చూశారు. మూడు తప్పని తేలింది. ఒకటి ఊపిరితిత్తిది, ఒకటి పెద్దపేగుది, ఒకటి జీర్ణాశయానిది. అప్పటికే వాటి మీద వందకు పైగా పేపర్లు, 11 అమెరికన్ పేటెంట్లు వచ్చాయి. వాటి ఫలితాల ఆధారంగా అన్నవాహిక క్యాన్సర్ రోగులను అప్పటికే క్లినికల్ ట్రయల్స్‌లో చేర్చుకుంటూ ఉన్నారు. ఊపిరితిత్తి కణం మీద తేల్చిన మందును అన్నవాహిక రోగి చేతిలో పెట్టి సంతకం చేయించుకున్నట్టు కాదా అది? ఆ రోగికి ఈ సంగతి ఎవరు చెప్పారు?

పరీక్ష ముందే చేస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ కూడా ఉంది. షిన్యా యమనకా 2006లో ఎలుక కణాలతో, 2007లో మనిషి కణాలతో చూపించిన, మామూలు కణాలను మూలకణాలుగా మార్చే ఐపీఎస్ పద్ధతి ఆధారంగా, 2014లో జపాన్‌లో మసాయో తకహాషి బృందం ఒక వృద్ధురాలి చర్మ కణాల నుంచి రెటీనా కణజాలం తయారుచేసి ఆమె కంట్లో అమర్చింది. రెండో రోగికీ అంతా సిద్ధమైంది. కానీ ఆ రోగి ఐపీఎస్ కణాల్లో జన్యు మార్పులు కనిపించాయి. వాళ్లు ఆగిపోయారు. పేరు, ప్రతిష్ఠ, ప్రపంచం చూపు అన్నీ తమ మీద ఉన్న సమయంలో ఆగిపోయారు. నేను నా విద్యార్థులకు చెప్పే ధైర్యం అది.

ఫ్లాస్కుల్లో చేరిపోయే మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి గురించి కూడా రెండు ముక్కలు చెప్పక తప్పదు. అది బ్యాక్టీరియాయే గాని కణ కవచం లేదు కనుక పెన్సిలిన్ దాన్ని ఏమీ చేయదు. ప్రయోగశాల వడపోతల్లోంచి దూరిపోయేంత చిన్నది. పోషక ద్రవాన్ని మసకబార్చదు. కనుక ఫ్లాస్కు పైకి నిర్మలంగానే కనిపిస్తుంది. డీఎన్‌ఏకు అంటుకునే రంగు వేసి చూస్తే ఆరోగ్యంగా ఉన్న కణంలో కేంద్రకం మాత్రమే నీలంగా వెలగాలి, చుట్టూ చీకటి ఉండాలి. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ చీకటి నిండా పొడి చల్లినట్టు నీలి చుక్కలున్నాయి. ఆ కణాలు ఏం తింటున్నాయి, ఏ జన్యువును ఎంత వాడుతున్నాయి, మందుకు ఎలా స్పందిస్తున్నాయి అన్న ప్రతి కొలతలోనూ ఆ చుక్కల చేయి ఉంటుంది. ఈ పరీక్ష ఒక పూటలో అయిపోతుంది. అయినా ఎందరో చేయరు, ఎందుకంటే ఎవరూ అడగరు.

అడుగుతున్నాం అంటారేమో. నిజమే. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2016 నుంచి నిధుల దరఖాస్తులో కీలకమైన కణాలను, రసాయనాలను ఎలా నిర్ధారించుకుంటారో రాయమంటోంది. కొన్ని పత్రికలు నివేదికే కోరుతున్నాయి. వాటికి కృతజ్ఞతలు. మిగిలిన చోట్ల ఉన్నది ఆ చిన్న గడే. ఆ గడి ఎంత తేలిగ్గా నిండుతుందో నాకు తెలుసు.

కనుక పేపరుతోపాటు ఎస్‌టీఆర్ నివేదిక, మైకోప్లాస్మా నివేదిక జతచేయమని అడగండి. అవి ప్రయోగాలు జరిగిన కాలానికి సంబంధించినవై ఉండాలి. పదేళ్ల కిందట సీసా కొన్నప్పటి కాగితం పనికిరాదు. వాడిన లైన్ పేరు తప్పు లైన్ల జాబితాలో ఉందో లేదో మీ కార్యాలయంలోనే చూడండి, పది నిమిషాల పని. ఉంటే సమీక్షకుల దాకా పంపకముందే రచయితను అడగండి. కణ చికిత్సలకు పునాది అవుతున్న పేపర్ల విషయంలో ఇది ఇంకా కచ్చితంగా జరగాలి, ఎందుకంటే వాటి తరువాతి మెట్టు రోగి మంచం.

నిధులిచ్చే పెద్దలకు వేరే మాట. ఈ పరీక్షల ఖర్చును బడ్జెట్లో విడి పద్దుగా చూపించనివ్వండి. ఇప్పుడు విద్యార్థి ఆ పరీక్ష చేయించాలంటే రసాయనాల పద్దులోంచి గీకాలి, గైడు ముఖం చూడాలి. గుర్తింపు తప్పని తేలితే మిగిలిన గడువును, మిగిలిన నిధులను సరైన కణాలతో మళ్లీ మొదలుపెట్టడానికి వాడుకోనివ్వండి. నా నివేదిక వచ్చిన రోజు మా గైడు దాన్ని చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, ‘దీన్ని ఇంకెవరికైనా చూపించావా?’ అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. గ్రాంటు పునరుద్ధరణకు మూడు నెలలే ఉంది, ఆ గ్రాంటు మీద నలుగురి జీతాలున్నాయి. నిజం చెబితే ఉపాధి పోయే ఏర్పాటును మనమే కట్టి పెట్టాం. అందులో మనిషి నోరు మూసుకుంటే ఆ మనిషిని ఒక్కణ్నే ఎలా తప్పుపడతాం?

అందుకే సంపాదకులను ఇంకొకటి వేడుకుంటున్నాను. నిజాయితీగా పొరబడి, తానే ముందుకొచ్చి చెప్పిన పరిశోధకుడి పేపరుకూ, అంకెలు కల్పించినవాడి పేపరుకూ ఒకే ఎర్ర ముద్ర వేయకండి. ‘ఈ పేపరులో వాడిన సెల్ లైన్ ఫలానాదని తరువాత తేలింది’ అని శీర్షిక కిందనే కనిపించేలా ఒక వాక్యం చేర్చే పద్ధతి పెట్టండి. 32,755 పేపర్లనూ చెరిపేయమని ఎవరూ అడగడం లేదు. వాటిలో చాలా ఫలితాలు ఆ కణాల వరకు నిజమే కావచ్చు. ఏ కణం మీద నిజమో చదివేవారికి తెలియాలి, అంతే. ఆ వాక్యం చేర్చడం నేరం ఒప్పుకున్నట్టు కాకుండా పని పూర్తిచేసినట్టుగా కనిపించిన రోజు, నాలాంటివాళ్లు ఎందరో మీ తలుపు తడతారు.

నా వంతుగా నేను చేయగలిగింది చేశాను. థీసిస్‌ను వెనక్కి తీసుకుని రెండున్నరేళ్లు మళ్లీ పనిచేశాను, ఈసారి ప్రతి మూడు నెలలకోసారి నివేదిక తెప్పించుకుంటూ. మా ఫ్రీజర్‌లోని ప్రతి పెట్టెనూ తీసి పరీక్షించాం. నీలి సిరాతో ‘హెప్-2’ అని నేను రాసిన చివరి సీసాను పారేయలేదు. ఆ పేరు కొట్టేసి కింద ‘హీలా’ అని, పరీక్షించిన తేదీ రాసి అక్కడే ఉంచాను.

అచ్చయిన నా మొదటి పేపరు, దానితోపాటు ఆ ఒక్క పేజీ నివేదిక నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. సవరణ వేస్తామని ఆ సంపాదకులు ఒక్క మాట రాస్తే ఆ రోజే పంపుతాను.

భవదీయురాలు,
ఒక సెల్ కల్చర్ పరిశోధకురాలు